మత్స్యగుండంలో చేపల్ని ఎందుకు పట్టరు?



సాల్మన్ అనే చేప పేరు మీరెప్పుడైనా విన్నారా? మన నదుల్లో అది లేదు. అమెరికా, కెనడా, జపాన్, రష్యా, నార్వే లాంటి చలి ఎక్కువున్న దేశాల్లో ఉంటాది. అది కొండ మీద వాగులో పుడతాది. కొంచెం పెద్దయ్యాక నదిలోంచి సముద్రంలోకి పోయి అక్కడ బలిసి, గుడ్లు పెట్టే వేళకి మళ్ళీ తను పుట్టిన వాగునే వెతుక్కుంటూ ఎదురీది వస్తాది. ఇన్ని వాగుల్లో దాని వాగు దానికి ఎలా తెలుస్తాది అంటే, పుట్టిన చోటు నీళ్ళ వాసన దానికి గుర్తుంటాదని శాస్త్రవేత్తలు చెప్తారు.

మన తెలుగు నేల మీద ఇలా ఎదురీదే చేప పులస. జాతి వేరే, నడక ఒకటే. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు. వానాకాలంలో గోదారికి ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎక్కుతాది, అప్పుడు పులస అంటారు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టించాడు. దానివల్ల గోదావరి జిల్లాల్లో వరి బాగా పండింది, అది నిజమే. కానీ పులస పైకి పోయే దారి అక్కడ ఆగిపోయింది. మనకి పాఠంలో మొదటి మాట చెప్తారు గాని రెండో మాట చెప్పరు.

సాల్మన్ కథ ఎందుకు ఎత్తానంటే, ఆ చేప కోసం పోరాడినవాళ్ళు కూడా మనలాగే ఆదివాసీలు. అమెరికాలో ఒరెగాన్, కాలిఫోర్నియా రాష్ట్రాల్లో క్లామత్ అనే నది ఉంది. దాని ఒడ్డున యూరోక్, కరూక్ మొదలైన తెగలవాళ్ళు ఉంటారు. మనకి చోడి అంబలి ఎలాగో వాళ్ళకి సాల్మన్ అలాగ. 1918 నుంచి 1960ల దాకా ఆ నదికి అడ్డంగా కరెంటు కోసం ఒక్కొక్కటిగా నాలుగు ఆనకట్టలు కట్టారు. చేపలకి పైవాగుల దారి మూసుకుపోయింది. 2002 సెప్టెంబరులో నదిలో నీళ్ళు తక్కువయి, వేడెక్కి, చేపల మొప్పలకి జబ్బు పట్టి వేలకు వేలు చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. అప్పట్నుంచి ఆ తెగలవాళ్ళు ఊరుకోలేదు. కంపెనీ మీటింగులకి వెళ్ళారు, కోర్టుకి వెళ్ళారు, ఆఫీసుల ముందు కూర్చున్నారు. 22 ఏళ్ళు పట్టింది. 2024 నాటికి నాలుగు ఆనకట్టలూ తీసేశారు. ఆ ఏడాది అక్టోబరులోనే సాల్మన్లు, వందేళ్ళకి పైగా వెళ్ళని పైవాగుల్లోకి వెళ్ళిపోయాయి.

అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆనకట్ట తీసేస్తే దాని వెనకాల ఇన్నాళ్ళూ పేరుకున్న బురద నేల బయటపడతాది కదా. ఆ నేల మీద చల్లడానికి యూరోక్ వాళ్ళు ముందుగానే అక్కడి గడ్డి, పొదలు, చెట్ల గింజలు ఏరించి దాచుకున్నారు. నీళ్ళు దిగిపోగానే చేత్తో చల్లారు. చేపకీ గింజకీ ఏం సంబంధం అనుకోకండి. ఆ సంగతి కిందన చెప్తాను.

ఇప్పుడు మన కొండకి వద్దాం. హుకుంపేట మండలంలో మఠం అనే ఊరి దగ్గర మత్స్యగుండం ఉంది. మనలో పాడేరు వైపు పిల్లలు చాలామంది చూసే ఉంటారు. చూడనివాళ్ళ కోసం రాస్తున్నాను. అక్కడ మత్స్యగెడ్డకి అడ్డంగా పెద్ద పెద్ద బండలున్నాయి. గెడ్డ ఆ బండల కిందకి దూరి కనబడకుండా పోయి, కొంతదూరం అవతల మళ్ళీ పైకి వస్తాది. పైకి వచ్చిన చోట మడుగు. ఆ మడుగునిండా చేపలు. పక్కనే మత్స్యలింగేశ్వరుడి గుడి. శివరాత్రికి జాతర జరుగుతాది. జనం మరమరాలు వేస్తే చేపలు గుంపుగా పైకి వస్తాయి. వాటిని ఎవరూ పట్టరు, ఎవరూ తినరు.

ఇది నిన్నా మొన్నా పెట్టిన కట్టుబాటు కాదు. 1907లో ఫ్రాన్సిస్ అనే ఇంగ్లీషు దొర విశాఖపట్నం జిల్లా గురించి ఒక పెద్ద పుస్తకం రాశాడు. అందులో ఈ గుండం గురించి ఉంది. చేపలు మహసీర్ జాతివని, మనిషి చేతిలోంచి తింటాయని, వీపు నిమిరినా బెదరవని, అక్కడి పూజారి బగతవాడని రాశాడు. ఒక కథ కూడా రాశాడు. ఎద్దుల మీద సరుకు తోలుకొచ్చే బ్రింజారీ ఒకడు ఒక చేపని పట్టి కూర వండుకున్నాడట. చేపల రాజు శాపం పెడితే వాడూ వాడి ఎద్దులూ రాళ్ళయిపోయాయట. ఆ రాళ్ళు ఇవేనని చూపిస్తారట. మా అవ్వ కూడా ఇలాంటి కథే చెప్తాది. అవ్వకి చదువు రాదు, ఆ పుస్తకం ఒకటుందని కూడా తెలీదు. అయినా రెండూ కలిశాయి.

మన చోడవరానికి కూడా దీంతో సంబంధం ఉంది. మాడుగుల జమీందార్లు తాము మత్స్యవంశం వాళ్ళమని చెప్పుకునేవారు. వాళ్ళ జెండా మీద చేప, సంతకం చేప, పట్టం కట్టే రాతి గద్దె కూడా చేప ఆకారమే. అంతకుముందు వడ్డాది రాజధానిగా ఏలిన మత్స్య రాజులుండేవారు. వడ్డాది అంటే ఎక్కడో కాదు, మనం మాడుగుల వెళ్ళేటప్పుడు బస్సు ఆగే వడ్డాదే. ఆ రాజులది 1269 నాటి రాగి శాసనం ఒకటి దిబ్బిడలో దొరికింది. తమ మూలపురుషుడు మత్స్యనదిలో చేప కడుపున పుట్టాడని అందులో రాయించుకున్నారు.

ఒకప్పుడు ఇదంతా ఒకే విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక చోడవరం అనకాపల్లి జిల్లాలోకీ, హుకుంపేట అల్లూరి సీతారామరాజు జిల్లాలోకీ వెళ్ళాయి. నీళ్ళకి వేరే లెక్క ఉంది. ఈ కొండలకి ఇవతల పక్క పడ్డ వాన పెద్దేరు, బొడ్డేరు, తాచేరు అయి శారదానదిలో కలిసి రాంబిల్లి వైపు సముద్రంలో పడతాది. అవతల పక్క పడ్డ వాన మత్స్యగెడ్డ అయి, ఒడిషాలోకి పోయి మాచ్‌ఖండ్ అయి, సీలేరు, శబరి మీదుగా గోదావరిలో కలుస్తాది. అంటే గుండం నీళ్ళు ఆఖరికి పోయేది పులస ఎక్కే నదిలోకే.

మరి గుండంలో చేపల్ని పట్టకపోతే లాభమేంటి? తినకుండా ఊరికే ఉంచడానికి చేపలెందుకు? నన్ను మా తమ్ముడు ఇలాగే అడిగాడు. మన ఇళ్ళల్లో విత్తనపు చోళ్ళని ఎక్కడ పెడతారు? ఆనపబుర్రలో పోసి, మూతికి బిగించి, పొయ్యి మీద పొగ తగిలేటట్టు వేలాడదీస్తారు. ఆషాఢంలో తిండికి ఎంత కష్టమైనా ఆ బుర్ర మీద చెయ్యి వెయ్యరు. గుండం కూడా గెడ్డకి అలాంటి విత్తనపు బుర్రే. చిన్న చేపకంటే పెద్ద తల్లిచేప ఎన్నోరెట్లు ఎక్కువ గుడ్లు పెడతాది. మామూలు మడుగులో చేప అంత పెద్దదయ్యేదాకా ఎవరు ఉంచుతారు? గుండంలో ఉంచుతారు. వానలు పడి గెడ్డ పొంగినప్పుడు మహసీర్ చేపలు పైకి, చిన్న చిన్న వాగుల్లోకి ఎక్కి గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడతాయి. ఆ పిల్లలు పైకీ కిందకీ పోయి చుట్టుపక్కల మడుగుల్లో పెరుగుతాయి. అక్కడ పట్టుకోడానికి ఎవరికీ అడ్డు లేదు. ఒక్కచోట పట్టకపోవడం వల్లే పదిచోట్ల పట్టుకోడానికి ఉంటాయి.

రాయి అయిపోతారన్న కథ విని పట్నం పిల్లలు నవ్వుతారు. నేనైతే నవ్వను. ఆ రోజుల్లో ఫారెస్టు గార్డు లేడు, బోర్డు లేదు, జరిమానా రసీదు లేదు. ఆ కథే కాపలా కాసింది. వంద సంవత్సరాలకు పైగా కాసిందని ఆ దొర పుస్తకం వల్లే తెలుస్తోంది. కానీ కథని నమ్మినవాళ్ళు ఉన్నంతవరకే అది పనిచేస్తాది. కర్ణాటకలో శిశిల అనే ఊరి గుడి దగ్గర కూడా ఏటిలో ఇలాగే చేపల్ని దేవుడి చేపలని కాపాడతారు. 1996లో ఎవరో అక్కడి నీళ్ళల్లో విషం కలిపారు. వేల చేపలు చచ్చిపోయాయి. ఊరివాళ్ళు ఏడ్చి, ఆ చేపలకి గుర్తుగా ఒక స్మారకం కట్టుకున్నారు. విషం కలిపినవాడు రాయి అవుతానని భయపడలేదు కదా.

విషం సంగతి మన గెడ్డల్లో కూడా ఉంది, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను. పూర్వం మా పెద్దోళ్ళు వెదురుతో మావు అల్లి గెడ్డకి అడ్డంగా పెట్టి పట్టేవారు. మావు సందుల్లోంచి చిన్న పరిగెలు జారిపోతాయి, పెద్దవే చిక్కుతాయి. ఎండాకాలంలో చిన్న గుంటల్లో చెట్టు బెరడు దంచి వేసి మత్తు పెట్టి పట్టడం కూడా ఉంది. కొత్తనీళ్ళు వస్తే ఆ మత్తు పోతాది. ఇప్పుడు కొందరు బ్లీచింగ్ పౌడరు, పొలానికి కొట్టే పురుగుమందు కలుపుతున్నారు. ఒక్క గంటలో బుట్టెడు చేపలొస్తాయి, నిజమే. కానీ దానితో గుడ్లు చస్తాయి, పిల్లలు చస్తాయి, పీతలు, నత్తలు, రాళ్ళ కింద పురుగులు అన్నీ చస్తాయి. ఆ పురుగుల్ని తినే బతకాలి కదా తర్వాత వచ్చే చేప. ఇంకా ముఖ్యమైనది, ఆ కిందనే ఇంకో ఊరివాళ్ళు బిందెలు ముంచుతారు. మా ఊరి కింద రెండు ఊర్లున్నాయి. వాళ్ళకి కుళాయి లేదు. మా గెడ్డలో మందు కలిపితే దానికి వాసన వచ్చేలోపు వాళ్ళ చంటిపిల్లలు తాగేస్తారు. ఇలా మందు కలపడం, బాంబులు వేసి పట్టడం 1897లో చేసిన చేపల చట్టం ప్రకారమే నేరం. అంత పాత చట్టం!

విషం ఒక్కటే కాదు, తియ్యటి నీళ్ళు కూడా చేపని చంపుతాయంటే నమ్ముతారా? చేపకి కూడా గాలి కావాలి. నీళ్ళల్లో కరిగిన ఆక్సిజన్‌ని మొప్పలతో తీసుకుంటాది. 20 డిగ్రీల చల్లని నీళ్ళల్లో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 30 డిగ్రీలకి వేడెక్కితే అది సుమారు 7న్నరకి పడిపోతాది. అందుకే ఒడ్డున చెట్లు కొట్టేసి ఎండ పడనిస్తే చేపకి ఆయాసం వస్తాది. ఇప్పుడు అందులో బెల్లం కడిగిన నీళ్ళో, కాఫీ పళ్ళ తొక్క తీసిన నీళ్ళో కలిశాయనుకోండి. వాటిలో తీపి ఉంటాది. కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ తీపి తిని లక్షలుగా పెరిగి, ఉన్న ఆక్సిజన్ అంతా అవే పీల్చేస్తాయి. చేపలు పైకొచ్చి నోరు తెరుచుకుని తిరుగుతూ ఉంటే దానర్థం అదే. మన కిందన చెరకు, బెల్లం. మా పైన కాఫీ. రెండుచోట్లా ఈ జాగ్రత్త కావాలి. ఆ నీళ్ళని గెడ్డలోకి వదలకుండా దూరంగా గొయ్యి తవ్వి అందులోకి వదిలితే చాలు. తొక్కని కుళ్ళబెడితే ఎరువవుతాది.

ఇంక గింజ సంగతి. దీన్ని మీరే చేసి చూడవచ్చు. రెండు పళ్ళాల్లో మట్టి పోసి ఒకదాంట్లో గడ్డి దుబ్బులు నాటండి, ఒకదాన్ని ఉత్తిగా ఉంచండి. గడ్డి పట్టాక రెండింటినీ ఏటవాలుగా పెట్టి ఒక్కో చెంబు నీళ్ళు పొయ్యండి. ఉత్తి మట్టి పళ్ళెం నుంచి ఎర్రనీళ్ళు ఒక్కసారే వచ్చేస్తాయి. గడ్డి పళ్ళెం నుంచి నీళ్ళు నెమ్మదిగా, తేటగా, చాలాసేపు కారతాయి. మన కొండలు కూడా అంతే. చెట్టూ గడ్డీ ఉన్న కొండ వాన తాగి, దాచుకుని, ఎండాకాలంలో ఊటగా వదులుతాది. బోడికొండ మీద వాన పడ్డ గంటలోనే గెడ్డ ఎర్రగా పొంగి, మళ్ళీ సంక్రాంతి దాటేసరికి ఎండిపోతాది. ఆ ఎర్రమట్టి వెళ్ళి గులకరాళ్ళ సందుల్లో పేరుకుంటాది. అక్కడే కదా చేపగుడ్లు ఉన్నవి. వాటికి ఊపిరాడదు. యూరోక్ వాళ్ళు గింజలు చల్లింది ఇందుకే.

అలాగని పోడు చేసే అమ్మానాన్నల్ని తిట్టకండి. తిండిగింజలు లేకపోతే ఎవరైనా కొండే కొడతారు. నిటారుగా ఉన్న చోట దున్నకుండా, నీడచెట్ల కింద కాఫీ, మిరియాలు వేసినచోట మట్టి నిలుస్తోంది. కొండకి అడ్డంగా కందకాలు తవ్వినా, చిన్న వాగుల్లో రాళ్ళు పేర్చి కట్టలు వేసినా నీళ్ళు ఆగి ఇంకుతాయి. ఉపాధి పనుల్లో కొన్ని ఊర్లలో ఇలాగే చేశారు. నీళ్ళు పారే దిశలో తవ్వితే మాత్రం కందకం కాలవైపోయి ఇంకా మట్టి కోస్తాది. ఎక్కడ తవ్వాలో ఇంజనీరు కంటే ఆవులు తోలే తాతలకి బాగా తెలుసు, ముందు వాళ్ళని అడగాలి.

రాజస్థాన్‌లో అల్వార్ జిల్లాలో అర్వరి నది ఇలాగే బతికింది. వానాకాలం దాటితే ఎండిపోయే నది అది. 1980ల నుంచి ఆ ఊర్లవాళ్ళు తరుణ్ భారత్ సంఘ్ సాయంతో జోహడ్లు అనే మట్టికట్టల చెరువులు కట్టుకున్నారు. ఒకటీ రెండూ కాదు, వందల్లో. 1990ల నడిమికి నది ఏడాది పొడుగునా పారింది. ఆ తర్వాత సుమారు 70 ఊర్లు కలిసి తమ నదికి ఒక పార్లమెంటు పెట్టుకున్నాయి. నీళ్ళు ఎవరు ఎంత వాడాలో అందులో కూర్చుని చెప్పుకుంటారు.

మనకి అలాంటి అధికారం ఉందా అంటే, కాగితం మీద ఉంది. 1996లో వచ్చిన పెసా చట్టం ప్రకారం ఏజెన్సీలో చిన్న నీటివనరుల్ని చూసుకునే పని పంచాయతీలది. 2006 అటవీహక్కుల చట్టంలో అయితే గెడ్డల్లో చేపల మీద ఊరికి హక్కు ఉందని ఉంది, నీటి ఊటల్ని కాపాడే బాధ్యత కూడా గ్రామసభదేనని ఉంది. పోడు పట్టాల కోసం ఆ చట్టం పేరు అందరికీ తెలుసు. చేపల మాట అందులో ఉందని మా నాన్నకి నేను చెప్పేదాకా తెలీదు.

మా ఊరి గెడ్డలో మూడు మడుగులున్నాయి. పై మడుగు లోతుగా, మద్దిచెట్ల నీడలో ఉంటాది. దాన్ని గుండంలాగా వదిలెయ్యాలని, అందులో ఎవరూ ఎప్పుడూ పట్టకూడదని దిసారి తాత అంటున్నాడు. ఊర్లో అన్నయ్యలు కొందరు ఒప్పుకోవట్లేదు. "సంతలో కేజీ చేపలు కొనే డబ్బు నువ్విస్తావా తాతా?" అని అడుగుతున్నారు. వాళ్ళ మాట కూడా తీసిపారెయ్యకూడదు. మా ఇళ్ళల్లో వారానికొకసారి కూర అంటే ఆ చేపలే. అందుకే నాకేమనిపిస్తోందంటే, ఒక్క మడుగు మాత్రం ఎప్పుడూ ముట్టుకోకూడదు. మిగతా రెండింట్లో గుడ్లుండే ఆషాఢ, శ్రావణాల్లో పట్టకూడదు. మిగిలిన నెలల్లో మావుతో, గేలంతో పట్టుకోవచ్చు. సముద్రంలో కూడా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆపేస్తున్నారు కదా. మందు మాత్రం ఏ నెలలోనూ ఎవరూ కలపకూడదు. ఆడవాళ్ళందరూ ఈ ఆఖరి మాటకి ఒప్పుకున్నారు, ఎందుకంటే నీళ్ళు మోసేది వాళ్ళే. మడుగు సంగతి ఇంకా తేలలేదు. గ్రామసభలో పెడతామన్నారు.

మీ గెడ్డ నీళ్ళు బాగున్నాయో లేదో తెలుసుకోడానికి ల్యాబు అక్కర్లేదు. మోకాలి లోతు మించని చోట, పారే నీళ్ళల్లో, అరచేతికంటే పెద్ద రాయిని నెమ్మదిగా తిప్పి చూడండి. మూడు తోకలుండి చదునుగా రాయికి అంటుకున్న పురుగులు, రెండు తోకల పురుగులు, ఇసుక రేణువులు అతికించుకుని చిన్న గొట్టంలాంటి గూట్లో ఉండే పురుగులు కనిపిస్తే నీళ్ళల్లో గాలి బాగా ఉన్నట్టు. అవేమీ లేకుండా ఎర్రదారంలాంటి పురుగులే ఎక్కువుంటే బాగోలేనట్టు. ఏ పురుగూ లేకపోతే పైన ఎవరో ఏదో కలిపి ఉంటారని అనుమానించాలి. అలాగని మూడు తోకల పురుగు కనబడింది కదా అని నీళ్ళు కాచకుండా తాగెయ్యకండి. విరేచనాల క్రిములు ఆ పురుగుని ఏమీ చెయ్యవు, మనల్నే చేస్తాయి.

దసరా సెలవులకి ఇళ్ళకి వెళ్ళినప్పుడు ఊరికి రెండుచోట్ల, ఊరి పైనొకటి, ఊరి కిందనొకటి, రాళ్ళు తిప్పి చూసి రాసుకుని రండి. గెడ్డ పేరు, తేదీ, ఏ పురుగులు, ఎన్ని, ఒడ్డున చెట్లు ఉన్నాయా లేదా. వచ్చే గోడపత్రికలో అన్ని ఊర్లదీ కలిపి ఒక పట్టిక వేద్దాం. పెద్దేరు ఒడ్డున ఉన్నవాళ్ళు కూడా చూసి రాస్తే కొండకీ కిందకీ తేడా తెలుస్తాది. చూశాక రాయిని మళ్ళీ ఎలా ఉన్నదాన్ని అలాగే బోర్లించండి, గుడ్లు దాని కిందివైపే అంటుకుని ఉంటాయి.